మూడున్నర వేళ్లు

ఫిబ్రవరి 9

అన్నయ్యా,

సీసాలు అందాయి. ఒక్కటీ పగల్లేదు. కానీ వాటి మధ్య కుక్కే పాత గుడ్డలు మాత్రం ఇంకోసారి పంపకు. ఈసారి నీ చిరిగిన బనీను ఒకటి పార్లర్లో అందరి ముందూ బయటపడింది. కుర్చీలో కూర్చున్నావిడ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "ఇది మొహానికా, మెడకా?" అని అడిగింది. ఏం చెప్పమంటావు?

మంచి కబురు ఏమిటంటే, గువ్వకి ఉద్యోగం వచ్చింది. రోడ్ల కొలతల శాఖలో. మూడు కాళ్ల స్టాండు మీద యంత్రం పెట్టుకుని, ఒక కన్ను మూసి, కొత్త రోడ్డు ఎటు పోవాలో చూసి చెప్పాలట. పదిమంది జట్టులో ఆడపిల్ల ఇదొక్కతే. ఇంట్లో తన చెప్పులు ఎక్కడ విడిచిందో కనపడని నా కూతురు, ఇక ఊరికంతటికీ దారి చూపిస్తుంది. ఆ మాట అని నవ్వినందుకు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నువ్వైనా నవ్వకు. మార్చి 10న చేరాలి.

పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా ఎండలోనే పని. దాని చర్మం సంగతి నీకు తెలుసు. వాళ్ల నాన్న పోలిక, కాస్త గాలి మారితే పగిలిపోతుంది. ఆయన పోయాక పదేళ్లు నీ ఇంట్లోనే కదా పెరిగింది, నీ నూనె తప్ప ఇంకేదీ దానికి పడదు. దాని కోసం విడిగా నాలుగు సీసాలు పెట్టు.

ఇంకొక్క సంగతి. కోప్పడకు. నీ నూనెకి వంక పెట్టినవాళ్లు లేరు, వాసనకి తప్ప. వేపాకు మరిగిన వాసన అది. నిన్న ఒకావిడ ముక్కు మూసుకుని మొహం అప్పగించింది. నేను సెంటు చుక్క కలుపుతానంటే నన్ను బతకనివ్వవు. అందుకని నువ్వే ఏదో ఒకటి చూడు.

జవాబు కాగితం మీద రాసి సీసాల పెట్టెలో పెట్టు. ఫోన్లో నీ "ఊ"కి అర్థాలు వెతుక్కునే ఓపిక నాకు లేదు.

నీ చెల్లి


ఫిబ్రవరి 20

చెల్లికి,

గువ్వ సంగతి చదివి సంతోషించాను. కాగుల లెక్క రాసుకునే నా పుస్తకంలో రాశాను.

గుడ్డలకి బదులు ఈసారి రంపపు పొట్టు పోశాను. వడ్రంగి ఊరికే ఇచ్చాడు. కళ్లలో పడకుండా విప్పు.

కొత్త కాగు 14న ఎక్కించి 15న దించాను. నువ్వుల నూనె, కలబంద గుజ్జు, వేపాకు, పసుపు. ఎప్పటిలాగే. నురగ తగ్గాక ఒత్తి తడిపి వెలిగించాను. చిటపటమనలేదు. అంటే చెమ్మ లేదు. మూడు రోజులు నా ఎడమ చేతి మీద రాసుకుని చూశాను. దద్దు లేదు, దురద లేదు. ఆ తర్వాతే సీసాలకి పట్టాను.

వాసన సంగతి చూశాను. ఈసారి ఎవరూ ముక్కు మూసుకోరు. నువ్వు మాత్రం సెంటు కలపకు.

గువ్వ సీసాలకి మూత దగ్గర ఎర్రదారం కట్టాను. సాయంత్రం ఇంటికొచ్చాక రాసుకుని, పొద్దున సబ్బుతో కడుక్కోమను. మర్చిపోకు.

నేను నవ్వలేదని దానికి చెప్పు.

అన్న


మార్చి 22

అన్నయ్యా,

ఈసారి కుశల ప్రశ్నలు లేవు. ఆ కాగులో ఏం వేశావు?

గువ్వ ఉద్యోగంలో చేరిన మర్నాడే చెంపా మెడా మంట అంది. ఎండకి అనుకున్నాం. మూడో రోజుకి ఎర్రగా కందింది, నాలుగో రోజుకి బుడగలు లేచాయి. అవి పగిలాక ఎడమ చెంప మీంచి మెడ కింది దాకా గోధుమరంగు చారలు తేలాయి. కాల్చిన కడ్డీతో గీసినట్టున్నాయి. దిండు తగిలితే ఏడుస్తోంది పిల్ల. నీ నూనె తప్ప దాని ఒంటికి ఇంకేమీ తగల్లేదు. పౌడరు కూడా రాసుకోదు అది.

అంతటితో అయిపోతే ఇలా రాసేదాన్ని కాదు. వాళ్ల సూపర్వైజరమ్మ ఆ చారలు చూసింది. చూసి, "ఎవరు కొట్టారు?" అని అడిగింది. ఎవరూ కొట్టలేదు, వాటంతటవే వచ్చాయని ఇది చెప్పింది. దెబ్బలు తిన్న ప్రతి పిల్లా అదే మాట చెబుతుందట. ఆవిడ ముప్పై ఏళ్లుగా చూస్తోందట. ఆ సాయంత్రమే గువ్వని ఆడవాళ్ల హాస్టల్లో పెట్టేశారు. సంక్షేమ అధికారిణి విచారణ చేసేదాకా ఇంటికి పంపరు, రోడ్డు మీద పనికీ పంపరు. ఆఫీసులో కూర్చోబెట్టి పాత పటాలకి అంటించిన కాగితాలు పీకిస్తున్నారు. నన్ను గేటు దాటనివ్వలేదు. అన్నం డబ్బా కాపలావాడి చేతికిచ్చి వచ్చాను. సాయంత్రానికి ఖాళీ డబ్బా ఇచ్చి పంపాడు, మూత సరిగ్గా పెట్టమని నాకే చెప్పాడు.

కన్న తల్లిని నేను. కొట్టానట!

ఇప్పుడు చెప్పు. బజారు నూనె కొన్నావా? పాత కాగు అడుగున మిగిలింది మళ్లీ కాచావా? మాడిందో లేదో నీ కళ్లకి కనపడటం లేదా? యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి, కనపడకపోతే కనపడటం లేదని చెప్పు, అందులో తప్పు లేదు. చెప్పకుండా నా పిల్ల మొహం మీదికి పంపడమే తప్పు.

ఏం మార్చావో ఒక్క కాగితం మీద రాసి పంపు. అది తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద పడేసి నా పిల్లని తెచ్చుకుంటాను.

తొందరగా పంపు.

చెల్లి


మార్చి 27

చెల్లికి,

మందులో ఏమీ మార్చలేదు.

నీ ఉత్తరం చదివాక పుస్తకం తీసి మళ్లీ చూశాను. నువ్వులు నేను ఎప్పుడూ తీసుకునే రైతు దగ్గరివే. నూనె నేనే ఆడించాను. కలబంద మన పెరట్లోదే. కాగు రెండు రోజుల ముందు బూడిద పెట్టి తోమాను. మాడలేదు. మాడితే ఒత్తి మంటకి నల్ల పొగ వస్తుంది, రాలేదు. కళ్లు బాగానే ఉన్నాయి.

ఎవరి దగ్గరా నేర్చుకోకుండా ఈ పని మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో నా నూనె ఎవరి ఒంటి మీదా ఒక్క దద్దు తేలేదు. తేలితే ముందు నా చేతి మీద తేలాలి.

గువ్వ నాకూ ఫొటో పంపింది. నా ఫోన్లో ఏమీ కనపడలేదు. పక్కన మందుల కొట్టు కాంపౌండరు తన ఫోన్లోకి తీసుకుని పెద్దది చేసి చూపించాడు. "దీనికి ఏం రాయాలి మావయ్యా?" అని అడిగింది. ఎవరు కొట్టారో రాయలేదు. ఆ పిల్ల రాయదు.

కాంపౌండరు చూసి, "ఇవి వేళ్లండీ" అన్నాడు. అతను చెప్పకపోయినా నాకు తెలిసేది. చారలు నాలుగు. మూడు పొడుగు. నాలుగోది సగంలో ఆగిపోయింది.

సగం చిటికెన వేలు ఉన్న చెయ్యి నాకు ఒక్కటే తెలుసు.

నీ చెయ్యి దురుసు. నేను ఎప్పుడూ అనలేదు, కానీ చూశాను. పన్నెండేళ్ల కిందట మే 11న నా కాగుల గదిలో దాని చెంప మీద కొట్టావు. అప్పుడు దానికి ఏడేళ్లు. పుస్తకంలో ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్లో వాళ్ల మొహాలు మెత్తగా నిమిరే పని నీది. సొంత పిల్ల మొహం దగ్గరికి వచ్చేసరికి ఆ మెత్తదనం ఏమవుతుందో నాకు అర్థం కాదు.

ఉద్యోగంలో చేరిన పిల్ల నీ మాట వినలేదా? ఎదురు చెప్పిందా? నువ్వు నవ్వావని మాట్లాడటం మానేస్తే తట్టుకోలేకపోయావా? కారణం నాకు అక్కర్లేదు. కొట్టడం ఒక తప్పు. ఆ తప్పుని నా కాగులో పొయ్యడం ఇంకో తప్పు. మొదటిది తల్లికి కోపం వచ్చి చేసింది అనుకుంటాను. రెండోదానికి నాకు పేరు దొరకడం లేదు.

నువ్వు అడిగిన కాగితం రాయను. జరగనిది జరిగినట్టు నా చేత్తో ఎప్పుడూ రాయలేదు.

అన్న


ఏప్రిల్ 2

అన్నయ్యగారికి,

నిన్న సంక్షేమ అధికారిణి పిలిస్తే వెళ్లాను. బల్లకి అటు ఆవిడ, పక్కన సూపర్వైజరమ్మ. నా కుడి చెయ్యి తెల్లకాగితం మీద పెట్టమన్నారు. పెన్సిలుతో వేళ్ల చుట్టూ గీశారు. గాజులకి కొలత తీసినట్టు తీశారు. ఆ కాగితాన్ని గువ్వ ఫొటో పక్కన పెట్టారు. సరిపోయింది.

సరిపోదా మరి? అవి నా వేళ్లే! ఉద్యోగంలో చేరే రోజు పొద్దున వాకిట్లో దాన్ని నిలబెట్టి, నీ నూనె నాలుగు వేళ్లకీ అద్దుకుని, చెంప మీంచి మెడ దాకా నేనే రాశాను. ఎండలో నిలబడే పిల్ల, మొదటి రోజు, చర్మం పగలకూడదని రాశాను. రుద్దబోయేసరికి బస్సు వచ్చింది, "వదులమ్మా" అని పరిగెత్తింది. నేను ఎలా నిమిరానో అలాగే కాలింది. ఇది చెబితే సూపర్వైజరమ్మ నవ్వింది. "నూనె రాస్తే వేళ్ల గుర్తులు పడతాయా అమ్మా?" అంది.

తర్వాత అసలు మాట బయటపెట్టింది. "మీ అన్నగారికి ఫోన్ చేశాం. మీ చెల్లెలు చెయ్యి చేసుకునే మనిషేనా అని అడిగాం. అవును అన్నారు."

అవును అన్నావా?

ఎన్నో ఏళ్లుగా నీ నోట్లోంచి "ఊ" తప్ప ఇంకో ముక్క ఎవరూ వినలేదు. అమ్మ పోయిన రోజు కూడా నువ్వు మాట్లాడలేదు. నన్ను పరాయివాళ్లకి పట్టివ్వడానికి మాత్రం మాట వచ్చింది. అదీ పూర్తి మాట. స్పష్టంగా. నాకు ఉత్తరం రాసినప్పుడు ఆ సంగతి చెప్పనైనా లేదు.

మే 11 సంగతి పుస్తకంలో ఉందన్నావు. నా కూతుర్ని నేను కొట్టిన రోజు తేదీ వేసి దాచుకున్నావు, సరే. ఎందుకు కొట్టానో రాశావా? పొయ్యి మీద నూనె మరుగుతోంది. పొయ్యి దగ్గర ఉండాల్సిన నువ్వు ఒత్తి కోసం లోపలికి వెళ్లావు. పిల్ల కాగు అంచు దగ్గర పీట వేసుకుని ఎక్కి లోపలికి వంగింది. జడ కొస నూనెకి జానెడు దూరంలో ఉంది. నేను కొట్టి లాగాను. నువ్వు ఒత్తి పట్టుకుని వచ్చేసరికి దాని చెంప ఎర్రగా ఉంది, అంతే చూశావు. అంతే రాశావు. పీట ఎవరు వదిలేశారో రాశావా?

సగం వేలు నాకు గుర్తు చేస్తున్నావు. ఎక్కడ పోయింది ఆ సగం? నాన్న కొన్న చేతి మరలో. నాకు పదకొండేళ్లు, నేను గింజలు తోస్తున్నాను, నువ్వు వెనక్కి తిరిగి ఎవరితోనో మాట్లాడుతూ పిడి తిప్పావు. అప్పట్లో మాట్లాడేవాడివి. తలుపు సందులో పడిందని అమ్మకి చెప్పింది నేను. నాన్న నిన్ను చంపేస్తాడని. నలభై ఏళ్లలో ఇంకెవరికీ చెప్పలేదు. నా వేలు తీసినవాడివి, ఆ వేలుని నా మీద సాక్ష్యం పెట్టావు.

నూనెలో ఏమీ మార్చలేదట! ఇక్కడి డాక్టరు కూడా నీలాంటివాడే. నిమ్మకాయలు పిండావా అని గువ్వని అడిగాడట. పచ్చి నిమ్మతొక్కలో ఉండేది ఒంటి మీద పడి, దాని మీద ఎండ తగిలితే ఇలాగే కాలుతుందట. ఎండలో కొలతలు తీసే పిల్లకి నిమ్మకాయలెక్కడివి? నెల రోజులుగా ముట్టుకోలేదని చెప్పింది. "అయితే ఇంకేదో దెబ్బ" అని రాసి పంపాడు. ఒకడు చూడడు, ఒకడు వినడు.

పార్లర్లో రెండు కుర్చీలూ ఖాళీ. ఎవరైనా వచ్చినా నా చేతుల వంకే చూస్తున్నారు. నిన్న ఒకావిడ సగంలో లేచి, పని ఉందని వెళ్లిపోయింది. మొహాన ఇంకా నురగ ఉంది.

మిగిలిన సీసాలు తిప్పి పంపుతున్నాను. రంపపు పొట్టుతో సహా.

ఇట్లు,
చెయ్యి దురుసు మనిషి


ఏప్రిల్ 15

చెల్లికి,

నీ ఉత్తరం 6న అందింది. జవాబు ఆలస్యం చేసింది కోపంతో కాదు. కోపం ఉంది. అది ఇప్పుడు నీ మీద కాదు.

నిమ్మకాయలు అన్న చోట ఆగిపోయాను.

ఫిబ్రవరి 20న నీకు "వాసన సంగతి చూశాను" అని రాశాను. ఏం చూశానో రాయలేదు. పచ్చి నిమ్మకాయలు ఒక బుట్టెడు తెచ్చి, తొక్క చెక్కి, ఆ చేతి మరలోనే పిండాను. వచ్చిన తొక్క నూనె కాగు చల్లారాక కలిపాను, వేడికి వాసన పోకూడదని. పుస్తకంలో ఆ రోజు కింద చిన్న అక్షరాలతో ఉంది: "వాసనకి, నిమ్మతొక్క." పైన వరసగా మందుల పేర్లున్నాయి. ఇది వాటిలో లేదు, విడిగా ఉంది.

నువ్వు ఏం మార్చావని అడిగినప్పుడు మందుల వరస మాత్రమే చూశాను. మందులో ఏమీ మార్చలేదని రాశాను. అది అబద్ధమని నాకు తెలియదు. నా లెక్కలో మందు ఒంటికి, వాసన ముక్కుకి. ముక్కు కోసం వేసింది చర్మానికి తెలుస్తుందన్న ఆలోచనే రాలేదు.

అయినా నా చేతి మీద ఎందుకు తేలలేదు? దీని దగ్గర రెండు రోజులు కూర్చున్నాను. తర్వాత చొక్కా విప్పుతుంటే తెలిసింది. నూనె చిట్లుతుందని ఈ గదిలో ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటాను. మణికట్టు దాకా గుండీ పెడతాను. ఇరవై రెండేళ్లుగా నా ఎడమ చెయ్యి ఎండ చూడలేదు. నేను ఏ కాగు పరీక్షించినా నీడలోనే పరీక్షించాను. నీ పార్లర్లో కూడా రాసి, ఆవిరి పట్టి, కడిగేసి పంపుతావు. అందుకే అక్కడా ఎవరికీ ఏమీ కాలేదు. ఆ నూనె రాసుకుని మొదట ఎండలోకి వెళ్లింది గువ్వే.

ఊహతో కాగితం రాయకూడదు కాబట్టి 8న పరీక్ష చేశాను. ఎడమ చేతి మీద గువ్వ కాగు నూనె, నాలుగు వేళ్లతో నాలుగు చారలు. కుడి చేతి మీద పాత కాగు నూనె, అలాగే. ప్రతి కాగులో ఒక సీసా దాస్తానని నీకు తెలుసు. ఎడమ పిక్క మీద కూడా గువ్వ కాగు నూనె రాసి, మందం గుడ్డ చుట్టాను. మిద్దె మీద ముక్కాలిపీట వేసుకుని పదకొండు నుంచి ఒంటిగంట దాకా కూర్చున్నాను. కాంపౌండరు వచ్చి చూసి, "మతి పోయిందా మావా!" అన్నాడు. అతన్నే సాక్షిగా కూర్చోబెట్టాను. గొడుగు వేసుకుని కూర్చున్నాడు.

కుడి చేతికి ఏమీ కాలేదు. పిక్కకి ఏమీ కాలేదు. ఎడమ చేతి మీద 10న నాలుగు ఎర్రచారలు లేచాయి. 11న బుడగలు. ఇప్పుడు గోధుమరంగు. గువ్వ చెంప మీదున్నవే. తేడా ఒక్కటే, నావి నాలుగూ పూర్తి వేళ్లు.

చాలా మంటగా ఉంది. ఆ పిల్ల ఇదే మంట మొహం మీద పెట్టుకుని కొలతలకి వెళ్లింది.

మే 11 పేజీ తీశాను. రెండు వాక్యాలున్నాయి. "ఒత్తి పరీక్ష, చెమ్మ లేదు." దాని కింద, "చెల్లి గువ్వని కొట్టింది, చెంప మీద." పీట సంగతి లేదు. పీట వేసింది నేనే, పై అరలో డబ్బా అందుకోవడానికి. తీయలేదు. చూసిందే రాస్తాను కాబట్టి నా పుస్తకం తప్పు చెప్పదని అనుకునేవాణ్ణి. నేను గదిలో లేనప్పుడు జరిగింది అందులో ఎక్కడా లేదు. పన్నెండేళ్లు ఆ సగం పేజీని పట్టుకుని నిన్ను చూశాను.

సూపర్వైజరమ్మ మార్చి 25న ఫోన్ చేసింది. అడిగింది. చెప్పడానికి చాలా ఉంది. ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. తక్కువ మాట్లాడితే తప్పు దొర్లదని ఎవరు చెప్పారో నాకు గుర్తు లేదు. నేనే చెప్పుకుని ఉంటాను. ఆ ముక్క వెనక్కి తీసుకోవడానికి తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తలేదు.

వేలు సంగతి నాన్నకి చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఆ తర్వాత ఏదీ చెప్పకపోవడం తేలికైంది.

~~సాయంత్రం రాయాలని ఫిబ్రవరిలోనే రాశాను, నువ్వు పొద్దునే రాశావు.~~

పైన ఒక వాక్యం రాసి కొట్టేశాను. కొట్టేసినా కనపడుతుంది. కనపడనీ.

దీనితో ఆరు పేజీల వాంగ్మూలం పెడుతున్నాను, అధికారిణికి ఇవ్వు. కాంపౌండరు సంతకం ఉంది. ఆ కాగు నూనెలో ఒక్క సీసా ఉంచి, మిగతాదంతా పెరటి చివర గొయ్యి తీసి పోశాను. నువ్వు తిప్పి పంపినవి కూడా. ఆ కాగు సీసాలు తీసుకున్న మరో పదకొండు మందికి, వాడొద్దని ఉత్తరాలు వేశాను. ఇంకొకావిడ తోటపని చేస్తుంది. ఆవిడకి ఉత్తరం వెయ్యలేదు, ఇంటికే వెళ్లాను. ఆవిడ ఇంకా సీసా మూత తియ్యలేదు.

గువ్వ అడిగినదానికి జవాబు: ఏమీ రాసుకోవద్దను. నాది అసలే వద్దు. డాక్టరు ఇచ్చింది మాత్రమే. ఎండ తగలనివ్వొద్దు. మచ్చలు మానతాయి, నెలలు పడుతుందని కాంపౌండరు అంటున్నాడు.

ఇక్కడ పని చక్కబెట్టుకుని 28న వస్తాను.

అన్న


ఏప్రిల్ 20

అన్నయ్యా,

నీ ఆరు పేజీలూ చదివాను. బస్టాపులో నిలబడి చదివాను, రెండు బస్సులు పోయాయి.

క్షమించానని రాయడం లేదు. అది వేరే సంగతి, దానికి ఇప్పుడు తీరిక లేదు.

కాగితాలు అధికారిణికి ఇచ్చాను. మొదటి పేజీ, చివరి పేజీ చూసింది. "అన్నగారు పాపం చెల్లెల్ని కాపాడటానికి చాలా కష్టపడి రాశారు" అంది. విన్నావా? నువ్వు ఒక్క ముక్క అవునంటే నమ్మారు. ఆరు పేజీలు రాస్తే నమ్మడం లేదు. సూపర్వైజరమ్మ అయితే, కొట్టినవాళ్ల తరఫున ఎప్పుడూ ఒక అన్న వస్తాడని అంది. నేను బల్ల మీద చెయ్యి వేసి అరిచాను. అరవకూడదు. అరవగానే ఇద్దరూ ఆ చేతి వంక చూశారు.

డాక్టరు ఒక్కడే ఆ కాగితాలు కూర్చుని చదివాడు. చదివి, "నేను నిమ్మకాయ ముట్టుకున్నావా అని అడిగాను, నూనెలో ఏముందని అడగలేదు" అన్నాడు. తలదించుకునే అన్నాడు. ఆ చెయ్యి తన కళ్లతో చూస్తే పాత కాగితం చించి కొత్తది రాస్తానన్నాడు. అధికారిణి 23న రమ్మంది. ఆ రోజు దాటితే ఆవిడ ఫైలు పైకి వెళ్లిపోతుంది. అది పైకి వెళ్తే గువ్వ ఇంటికి రాదు. వచ్చినా, తల్లి కొట్టిన పిల్లగానే వస్తుంది.

కాబట్టి ఈ ఉత్తరం రేపటికే నీకు అందేలా మీ ఊరి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. నీ 28 నీ దగ్గరే పెట్టుకో. 22న బయలుదేరు. ఆ సీసా తీసుకురా. పుస్తకం తీసుకురా, మే 11 పేజీతో సహా. ఆ పేజీలో పీట సంగతి నీ చేత్తో రాసి తీసుకురా. కొట్టేసిన వాక్యం కూడా చదివాను. నిజమే, సాయంత్రం అని రాశావు, నేనే వినలేదు. అది కూడా రాయి పుస్తకంలో, కొట్టెయ్యకు. నా పేరు వేసి రాయి.

నిన్న గువ్వని గేటు కడ్డీల్లోంచి చూడనిచ్చారు. నీ పరీక్ష సంగతి చెప్పాను. ఎంత తిడుతుందో అనుకున్నాను. "మావయ్యకి కూడా నాలాగే వచ్చాయా?" అంది. తర్వాత, "మరి మావయ్య ఏం రాసుకుంటున్నాడు?" అని అడిగింది. నాకు ఒళ్లు మండింది. వాళ్లేమో నీ చెయ్యి చూసేదాకా నమ్మరు, ఇదేమో చూడకుండానే నీ మీద జాలి పడుతోంది. మధ్యలో నేను ఎవర్ని తిట్టాలి?

చివరగా. నీ పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చావంటే వాకిట్లోనే కత్తెరతో కత్తిరిస్తాను. పొట్టి చేతులది లేకపోతే కాంపౌండరు దగ్గర అడిగి తెచ్చుకో. బస్సులో ఎవరైనా చెయ్యి చూసి ఏమైందని అడుగుతారు. "ఊ" అనకు. మొదటి నుంచి చివరి దాకా చెప్పు. అడిగిన ప్రతివాళ్లకీ చెప్పు. అధికారిణి ముందుకు వచ్చేసరికి నోరు అలవాటవుతుంది.

నీడ వైపు సీటు చూసుకుని కూర్చో.

చెల్లి